షుగర్ లేకుండా షుగర్ ఇంజక్షన్: 72 వారాల నా అనుభవం

నాకు షుగర్ లేదు. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 34, బీపీకి రోజుకో మాత్ర, రాత్రిళ్లు గురక. ఆ లెక్కన బరువు తగ్గడానికి డాక్టరు వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజక్షన్ రాశారు. ఇప్పటికి 72 వారాలైంది. ఎన్ని కిలోలు తగ్గానో ఇక్కడ రాయను. ఒకరి అంకె చూసి ఇంకొకరు ఆశపడటమో దిగులుపడటమో తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు. మందు ఒంట్లో ఏం చేస్తుంది, మొదలుపెట్టే ముందు ఏం తేల్చుకోవాలి, సూది దగ్గర తప్పు ఎక్కడ జరుగుతుంది, ఏ బాధను ఓర్చుకోవచ్చు, ఏ బాధకు ఆస్పత్రికి పరుగెత్తాలి అన్నవి చెబుతాను. షుగర్ లేనివాళ్లు షుగర్ మందు వాడటం సబబేనా అన్న ప్రశ్న మధ్యలో ఎలాగూ వస్తుంది.

తిన్నది పేగులోకి దిగగానే పేగు గోడలోని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. అది రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్ వదలమని క్లోమానికి చెబుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు కబురు పెడుతుంది. ఒంట్లో సహజంగా పుట్టే ఈ హార్మోన్ రెండు నిమిషాల్లోనే సగానికి సగం విరిగిపోతుంది. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో ఇలాంటిదే, ఇంతకంటే నిలకడైన పదార్థం దొరికింది. దాని ఆధారంగా 2005లో ఎక్సెనటైడ్ షుగర్ మందుగా వచ్చింది, రోజుకు రెండు సూదులు. సెమాగ్లుటైడ్ వేరే దారిలో వెళ్లింది. జీఎల్‌పీ-1 అణువునే కొద్దిగా మార్చి, దానికి కొవ్వు ఆమ్లపు గొలుసు ఒకటి తగిలించారు. ఆ గొలుసు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉండిపోతుంది కాబట్టి, వేసిన మందులో సగం పోవడానికే దాదాపు వారం పడుతుంది. సౌకర్యం, చిక్కు రెండూ ఇక్కడే ఉన్నాయి. వారానికి ఒక్క సూదితో సరిపోతుంది. కానీ డోసు ఎక్కువైతే దాన్ని వెనక్కి తీసే ఉపాయం లేదు. చివరి సూది తర్వాత 5 నుంచి 7 వారాలు మందు రక్తంలో కనిపిస్తూనే ఉంటుంది.

పేర్ల దగ్గర చాలామంది పొరబడతారు. ఓజెంపిక్, వెగోవీ రెండిటిలోనూ ఉన్నది సెమాగ్లుటైడే. అమెరికాలో మొదటిది 2017లో షుగర్‌కు, రెండోది 2021లో బరువుకు అనుమతి పొందాయి. మౌంజారో, జెప్‌బౌండ్ రెండిటిలోనూ ఉన్నది టిర్జెపటైడ్. ఇది జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ దారిలోనూ పనిచేస్తుంది. కాబట్టి ‘షుగర్ మందుతో బరువు తగ్గడం’ అనే మాట కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. బరువుకే అనుమతి ఉన్న రూపాన్ని, ఆ అర్హత ఉన్నవాళ్లు, ఆ డోసులో వాడటం ఒకటి. షుగర్ కోసం తయారైన ఇంజక్షన్ పెన్నును దారి మళ్లించి వాడటం ఇంకొకటి. రసాయనం ఒకటే అయినా నా లెక్కలో ఈ రెండూ ఒకటి కావు.

మెట్‌ఫార్మిన్ కూడా షుగర్ మందే, బరువు తగ్గిస్తుందని దాన్నీ అడుగుతారు. 2002లో ఫలితాలు వచ్చిన డయాబెటిస్ నివారణ ప్రయోగంలో దాని వాటా సగటున 2 కిలోలు. ఆహారం, నడక మార్చుకున్నవాళ్లు అదే ప్రయోగంలో 5.6 కిలోలు తగ్గారు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివైతే బరువు పెంచేవే. షుగర్ మందులన్నీ ఒక గాటన కట్టేవి కావు.

లాభం ఎంతో చూస్తే, షుగర్ లేని 1961 మందితో చేసిన స్టెప్-1 ప్రయోగంలో 68 వారాలకు సెమాగ్లుటైడ్ 2.4 మి.గ్రా. వాడినవాళ్లు సగటున 14.9 శాతం, ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లు 2.4 శాతం తగ్గారు. ఆహారం, వ్యాయామం సలహాలు రెండు గుంపులకూ ఇచ్చారు. టిర్జెపటైడ్ 15 మి.గ్రా. డోసులో 72 వారాలకు 20.9 శాతం. షుగర్ ఉన్నవాళ్లలో ఇదే సెమాగ్లుటైడ్ 9.6 శాతం దగ్గర ఆగింది. ఇవన్నీ సగటులు. సగటు వెనక అసలు కదలనివాళ్లూ ఉంటారు, పాతిక శాతం తగ్గినవాళ్లూ ఉంటారు. నాకు బరువుకంటే పెద్దదిగా అనిపించేది 2023లో వచ్చిన సెలెక్ట్ ప్రయోగం. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చి, షుగర్ లేకుండా, అధిక బరువున్న 17,604 మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం కలిపి 20 శాతం తగ్గాయి. అందం కోసం వాడే మందని తేలిగ్గా తీసిపారేసేవాళ్లకు ఆ ప్రయోగమే జవాబు.

మొదలుపెట్టే ముందు నేను చేయించుకున్నవి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ పరీక్షలు, లిపిడ్లు, థైరాయిడ్. తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్నలు పరీక్షలకంటే ముఖ్యమైనవి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, ఎమ్ఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉందా? ఉంటే ఈ మందు దగ్గరకే వెళ్లకూడదు. ఎలుకల్లో ఈ రకం గడ్డలు కనిపించడం వల్ల వచ్చిన హెచ్చరిక అది. మామూలు హైపోథైరాయిడ్ అందులోకి రాదు, దానికి కంగారుపడక్కర్లేదు. క్లోమం వాపు ఎప్పుడైనా వచ్చిందా? పిత్తాశయంలో రాళ్లున్నాయా? గర్భం ఆలోచన ఉందా? ఉంటే సెమాగ్లుటైడ్‌ను కనీసం 2 నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతూ టిర్జెపటైడ్ మొదలుపెడితే ఆ మాత్రల బలం తగ్గుతుంది. మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ, 4 వారాలు కండోమ్ లాంటి ఇంకో గర్భనిరోధక జాగ్రత్త కూడా పాటించాలి. షుగర్ ఉండి ఇన్సులినో గ్లిమెపిరైడో వాడుతున్నవాళ్లు వాటి డోసు తగ్గించకుండా ఇది మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్లు కంటిపరీక్ష కూడా ముందే చేయించుకోవాలి. చక్కెర మరీ వేగంగా తగ్గితే రెటీనా దెబ్బ కొన్నాళ్లు ముదరవచ్చు.

తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డ చరిత్ర ఉందా అని కూడా అడగాలి. నన్నెవరూ అడగలేదు. తినాలన్న కోరికనే తీసేసే మందును, తిండికే భయపడే మనిషి చేతిలో పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక డోసు మెట్లు. సెమాగ్లుటైడ్ 0.25 మి.గ్రా.తో మొదలై, నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7, 2.4 అవుతుంది. టిర్జెపటైడ్ 2.5తో మొదలై 2.5 చొప్పున 15 వరకూ ఎక్కుతుంది. మొదటి మెట్టు బరువు తగ్గించడానికి కాదు, పేగులకు అలవాటు చేయడానికి. మొదటి నెల ఏమీ తగ్గలేదని డోసు రెట్టింపు చేసుకునేవాళ్లే ఎక్కువగా వాంతులతో పడకేస్తారు. నాలుగు వారాలన్నది కనీస గడువు, గీత దాటాల్సిందేనన్న ఆజ్ఞ కాదు. 0.5 దగ్గర వికారం పూర్తిగా తగ్గలేదని నేను ఎనిమిది వారాలు ఆగాను. ఆ ఆగడం వల్ల పోయిందేమీ లేదు.

పెన్ను సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పనితనం తెలియక పారబోసే మందు చాలా ఉంది. తిప్పి డోసు పెట్టుకునే పెన్నయితే, కొత్తది తెరిచినప్పుడు ముందు 4 మి.మీ. సూది బిగించి, రెండు మూతలూ తీసి, ప్రవాహం చూసే గుర్తు దగ్గరికి తిప్పి, సూదిని పైకి పట్టుకుని నొక్కాలి. కొనమీద ఒక చుక్క నిలబడాలి. చుక్క రాకపోతే మళ్లీ చేయాలి, అప్పటికీ రాకపోతే సూది మార్చాలి. ఈ పరీక్ష ప్రతి కొత్త పెన్నుకూ ఒక్కసారే. ప్రతి వారం చేస్తే చివరి డోసుకు మందు చాలదు. తర్వాత డోసు పెట్టి, బొడ్డుకు 5 సెంటీమీటర్ల దూరంలో పొట్టమీదో, తొడ ముందు భాగంలోనో సూదిని నిటారుగా దించి బటన్ నొక్కాలి. లెక్క సున్నాకు వచ్చి టిక్కుమన్నాక కూడా బటన్ వదలకుండా నెమ్మదిగా ఆరు లెక్కపెట్టాలి. చాలామంది టిక్కు వినగానే లాగేస్తారు, చర్మం మీద మందు కారుతుంది. ఒక చిన్న చుక్క కనిపిస్తే ఫర్వాలేదు. ధారగా జారితే డోసు తగ్గినట్టే, అయినా ఇంకో డోసు వేసుకోకూడదు. వేసిన సూదిని వెంటనే తీసి గట్టి డబ్బాలో పడేయాలి. సూది తీయకుండా పెన్నును ఫ్రిజ్‌లో పెడితే మందు కారుతుంది, గాలిబుడగ చేరుతుంది, వచ్చేవారం డోసు తప్పుతుంది. పోయినవారం పొట్ట కుడివైపు వేస్తే ఈవారం ఎడమవైపు. ఒకేచోట వేస్తుంటే చర్మం కింద గట్టిపడి మందు సరిగ్గా ఎక్కదు.

వాడని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టే అర పక్కన మాత్రం పెట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, కానీ పారేయాల్సిందే. తెరిచాక 30 డిగ్రీలు దాటకుండా, పెన్ను రకాన్నిబట్టి 6 నుంచి 8 వారాలు. ఒక వారం మర్చిపోతే, బరువుకిచ్చే సెమాగ్లుటైడ్‌లో తర్వాతి డోసుకు ఇంకా 2 రోజులకంటే ఎక్కువ ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే ఆ వారం వదిలేయాలి. వరుసగా రెండు, మూడు వారాలు తప్పితే పాత డోసుకే దూకకుండా డాక్టరును అడిగి కింది మెట్టు నుంచి రావడం మంచిది. పేగులు అలవాటును అంత త్వరగా మర్చిపోతాయి.

సీసాలో వచ్చే మందును సిరంజితో తీసుకునేవాళ్ల లెక్క ఇంకా ప్రమాదం. మందు మిల్లీగ్రాముల్లో, ద్రవం మిల్లీలీటర్లలో, ఇన్సులిన్ సిరంజి గీతలు యూనిట్లలో ఉంటాయి. 100 యూనిట్లంటే 1 మి.లీ. సీసామీద మి.లీ.కి 5 మి.గ్రా. అని ఉంటే 0.25 మి.గ్రా.కి కావాల్సింది 0.05 మి.లీ., అంటే 5 యూనిట్లు. మి.లీ.కి 2.5 మి.గ్రా. సీసా అయితే 10 యూనిట్లు. 0.25 అన్న అంకె చూసి మొదటి సీసాలోంచి 25 యూనిట్లు లాగితే ఒంట్లోకి వెళ్లేది 1.25 మి.గ్రా., సరిగ్గా ఐదు రెట్లు. ఇలా 5 నుంచి 20 రెట్లు వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్ల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరించింది. సగం పోవడానికే వారం పట్టే మందు కదా, ఆ వాంతులు ఒక పూటతో పోవు.

నకిలీల మాట కూడా ఇక్కడే. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ ఓజెంపిక్ మీద హెచ్చరిక ఇచ్చింది. ఇన్సులిన్ పెన్నుకు లేబుల్ మార్చి అంటించినవి కూడా వీటిలో ఉన్నాయి, షుగర్ లేని మనిషికి అది ప్రాణాంతకం. డోసు తిప్పుతుంటే వెనకభాగం బయటికి పొడుచుకొస్తే అది అసలు ఓజెంపిక్ పెన్ను కాదు.

దుష్ఫలితాల్లో మొదటిది వికారం. బరువు డోసులో వాడినవాళ్లలో 44 శాతం మందికి వస్తుంది, ఉత్తుత్తి సూదితోనే 16 శాతం మందికి వచ్చింది. మందు రక్తంలో శిఖరానికి చేరేది 1 నుంచి 3 రోజుల మధ్య కాబట్టి, సూది రోజును ఆ తర్వాతి రెండు రోజులు తీరిక ఉండేలా ఎంచుకోవాలి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతున్నప్పుడు మునుపటంత తింటే అది పైకే వస్తుంది. నాకు పనికొచ్చింది ఒక్కటే: సగం తిన్నాక చెంచా కింద పెట్టి పది నిమిషాలు ఆగడం. కడుపు నిండిన సంగతి ఇప్పుడు ఆలస్యంగా, కానీ గట్టిగా తెలుస్తుంది. ఇంకో రెండు ముద్దలన్న చోటే వాంతి ఉంటుంది. నూనె ఎక్కువున్నవి అన్నిటికంటే ఆలస్యంగా దిగుతాయి, కుళ్లిన గుడ్డు వాసనతో త్రేన్పులు వచ్చేది వాటి తర్వాతే. మలబద్ధకాన్ని అందరూ చిన్నచూపు చూస్తారు. ఆకలితో పాటు దాహం కూడా తగ్గుతుంది, తాగేది తగ్గుతుంది, తిండిలోంచి వచ్చే నీరూ తగ్గుతుంది. దాహం కోసం చూడకుండా గంటలు చూసుకుని తాగాలి. లేవగానే కళ్లు తిరిగితే నీరు తక్కువైందనో, బీపీ మాత్ర ఎక్కువైందనో అర్థం. 22వ వారానికి నా మాత్రను డాక్టరు సగం చేశారు.

పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే, తగ్గని నొప్పి క్లోమం వాపు కావచ్చు. తిన్నాక కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయ రాళ్లకు గుర్తు. ఇందులో మందు పాత్ర కొంత, వేగంగా తగ్గడం పాత్ర కొంత. ఒక కంట్లో నొప్పి లేకుండా ఉన్నట్టుండి చూపు తగ్గితే అదే రోజు కంటి డాక్టరు. కంటి నరానికి రక్తం అందని ఆ స్థితి పదివేల మందిలో ఒకరి వరకూ రావచ్చని 2025లో ఐరోపా మందుల సంస్థ తేల్చింది. వాంతులతో రోజంతా నీరు నిలవకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి, ఇంట్లో ఓర్చుకోవద్దు. ఏ ఆపరేషన్‌కైనా, ఎండోస్కోపీకైనా మత్తిచ్చే డాక్టరుకు ఈ మందు సంగతి ముందే చెప్పాలి. పరగడుపునే వెళ్లినా కడుపులో నిన్నటి తిండి ఉండవచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దాచినందుకు నష్టపోయేది దాచినవాళ్లే.

ఎవరూ ముందే చెప్పనిది కండ సంగతి. స్టెప్-1లో కొంతమందికి శరీరం స్కాన్ చేసి చూస్తే, తగ్గిన బరువులో కొవ్వు కానిది దాదాపు 40 శాతం. అందులో నీరు, కాలేయం లాంటివీ కలుస్తాయి కాబట్టి అదంతా కండేనని అనలేం, కానీ కండ ఉందన్నది నిజం. ఆకలి లేనప్పుడు మొదట పళ్లెంలోంచి పోయేది ప్రోటీన్. కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాములు లెక్కేసుకుంటే 80 కిలోల మనిషికి 96 గ్రాములు. రెండు పూటల్లో అంత పట్టదు, మూడు నాలుగు పూటలకు పంచుకుని, పళ్లెంలో ముందు అదే తినాలి. వారానికి రెండుసార్లైనా బరువులతోనో, రబ్బరు బ్యాండుతోనో, కనీసం కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చునే వ్యాయామంతోనో కండను పనిలో పెట్టాలి. నేను తూకంతో పాటు ఇంకో అంకె రాసుకునేవాణ్ని: 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగానో. తూకం తగ్గుతూ ఆ అంకె కూడా తగ్గుతుంటే తగ్గడంలో ఏదో తేడా ఉంది. అరవై దాటినవాళ్లు దీన్ని అసలు వదలకూడదు. నాలుగో నెలలో జుట్టు రాలడం మాత్రం వేగంగా తగ్గడం వల్ల వచ్చేది, బరువు నిలబడ్డాక చాలావరకు తిరిగి వస్తుంది.

మరి ఇది న్యాయమేనా? 2022 నుంచి 2025 తొలి నెలల దాకా సెమాగ్లుటైడ్‌కు అమెరికాలో కొరత నడిచింది. షుగర్ అదుపుకు దీనిమీదే ఆధారపడ్డవాళ్లు పెన్ను దొరక్క పాత మందులకు మళ్లారు. పెళ్లి ఫొటోల కోసం ఆరు కిలోలు తగ్గాలనుకున్న మనిషి అదే పెన్ను కొనుక్కున్న రోజులవి. నేను కఠినంగా అంటున్నానేమో గానీ, కొరత ఉన్నప్పుడు అది ఇంకొకరి మందు లాక్కోవడమే. కొరత తీరాక ఆ వాదన బలం తగ్గింది, అర్హత వాదన మాత్రం మిగిలే ఉంది. అనుమతి ఉన్నది బీఎంఐ 30 పైనున్నవాళ్లకు, లేదా 27 పైన ఉండి బీపీ లాంటి జబ్బున్నవాళ్లకు. ప్రయోగాలు జరిగిందీ అలాంటివాళ్ల మీదే. బీఎంఐ 23 ఉన్న మనిషికి లాభం దాదాపు సున్నా, పిత్తాశయం, కండ ముప్పు మాత్రం పూర్తిగా ఉంటుంది. తమ పెన్ను ఇంకొకరికి సూది మార్చి ఇచ్చేవాళ్లకు ఒక్క మాట: సూది మార్చినా రక్తం వెనక్కి పెన్నులోకి చేరి ఉండవచ్చు, రక్తంతో వచ్చే జబ్బులు దానితోనే రావచ్చు.

రెండోవైపు నుంచి వచ్చే మాటను కూడా నేను ఒప్పుకోను. మనసు గట్టిగా ఉంటే చాలదా, మందెందుకు అంటారు. బీపీ మాత్ర వేసుకున్నప్పుడు నన్నెవరూ అలా అడగలేదు. ఈ మందు వాడాక మొదట తెలిసింది ఏమిటంటే, పొద్దస్తమానం వెంటాడే తిండి ధ్యాస చాలామందికి అసలు ఉండదని. వాళ్లకు నిగ్రహం ఎక్కువని కాదు, నిగ్రహించుకోవాల్సిందే తక్కువ. పోతే, అనుమానపడేవాళ్లకు చరిత్ర అండగానే ఉంది. బరువు తగ్గించే మందులుగా వచ్చినవాటిలో గుండె కవాటాలు పాడుచేసిన ఫెన్‌ఫ్లురమిన్‌ను 1997లో, మనసును కుంగదీసిన రిమొనబాంట్‌ను 2008లో వెనక్కి తీసుకున్నారు. ఈ జాతి మందుల ధైర్యమల్లా షుగర్ రోగులు 2005 నుంచి వాడుతుండటంలోనే ఉంది. భద్రత గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం వాళ్ల ఒంటిమీద తేలినదే. కొరతలో వాళ్లే వెనకబడటం నాకు ఇంకా మింగుడుపడదు.

ఆపడం గురించి మొదటి సూదికి ముందే మాట్లాడుకోవాలి. స్టెప్-1 తర్వాత మందు ఆపినవాళ్లను ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది, బీపీ కూడా దాదాపు పాత చోటికే పోయింది. కోర్సు పూర్తి చేసి వదిలేసే మందు కాదిది. ఏళ్ల తరబడి ఖర్చు భరించగలమా, సరఫరా ఆగితే ఏం చేస్తాం, గర్భం కోసమో ఆపరేషన్ కోసమో ఆపాల్సొస్తే బరువును ఎలా నిలుపుకుంటాం అన్నవి ఆ రోజే తేలాలి. మూడు నెలల ప్యాకేజీ అని అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

నేను 2.4 వరకూ ఎక్కలేదు. 60వ వారం దగ్గర బరువు కదలడం ఆగింది. మందు పనిచేయడం మానేసిందనుకోవడం అక్కడ అందరూ చేసే పొరపాటు. తగ్గిన ఒంటికి ఖర్చు తక్కువ, ఆకలి కొంత తిరిగొస్తుంది, రెండూ ఒకచోట కలిస్తే తూకం నిలబడుతుంది. మందు ఆపి చూస్తే అది ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది గానీ, ఆ పరీక్ష ఖరీదైనది. డాక్టరుతో కూర్చుని 1.7 దగ్గరే ఉండాలని అనుకున్నాం, కొనసాగింపు డోసుగా అనుమతి ఉన్నదే అది కూడా. ఆర్నెల్లకోసారి క్రియాటినిన్, లివర్, లిపిడ్లు. అతి తక్కువ బరువు నుంచి 5 శాతం పెరిగితే 2.4కి, కుర్చీ లెక్క మూడు తగ్గితే డోసు కిందికి. రెండు షరతులూ కాగితం మీద రాసి పెట్టుకున్నాం, తేదీ వేసి.